గట్టుకు అటు వరి, ఇటు రొయ్య: డెల్టాలో ఆడిటర్‌ను ఎంచుకోవడం

భీమవరం నుంచి ఉండి మీదుగా ఆకివీడు వెళ్లే దారిలో వరి చేనుకూ రొయ్యల చెరువుకూ మధ్య చాలాచోట్ల ఒక్క గట్టే అడ్డు. గట్టుకు ఇవతల సార్వా, దాళ్వా పండించిన రైతు ఆ పంట మీద ఎంత మిగుల్చుకున్నా ఆదాయపు పన్ను లేదు. అవతల వనామీ రకం రొయ్య పెంచినవారికి మిగిలింది మాత్రం వ్యాపార లాభం కింద లెక్క. రాయితీ విద్యుత్తు ఇచ్చేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అతణ్ని ఆక్వా రైతు అంటుంది. ఆదాయపు పన్ను శాఖ ఆ మాటను పట్టించుకోదు. భూమిని సాగుచేసి పండించిందే వ్యవసాయ ఆదాయం, నీటిలో పెంచినది కాదు అన్నదే దాని లెక్క. కోళ్ల ఫారానికీ, పాల డెయిరీకీ ఇదే సూత్రం. కడియం నర్సరీల సంగతి వేరు. నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చే ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే చూడాలని 2008లో చట్టానికి వివరణ చేర్చారు. అయితే ఆ వెసులుబాటు పెంచిన మొక్కలకే. బయటి రాష్ట్రాల నుంచి లారీలో దించుకుని లాభం వేసి అమ్మేసినవాటికీ, అపార్ట్‌మెంట్ల ముందు తోటలు వేసిపెట్టినందుకు తీసుకునే డబ్బుకూ అది వర్తించదు.

గోదావరి డెల్టాలో ఒకే ఇంట్లో ఈ రకాలన్నీ కలిసి ఉంటాయి. రెండెకరాల వరి కౌలుకు ఇచ్చి ఉంటారు, నాలుగెకరాలు చెరువు లీజుకు వెళ్లి ఉంటుంది, పెరట్లో కొబ్బరి దింపు, ఇంటి పెద్దకు పింఛను, అబ్బాయి అమెరికా నుంచి పంపే డబ్బు, పట్టణంలో ఓ దుకాణం అద్దె. వీటిలో ఏది పన్నుకు లోబడుతుంది, ఏది లోబడదు, లోబడనిది కూడా రిటర్న్‌లో ఎక్కడ రాయాలి అన్నదే ఇక్కడి అసలు సమస్య. హైదరాబాద్‌లో జీతగాళ్ల రిటర్నులు గుట్టలుగా వేసే సంస్థకు ఇది కొత్త. ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల్లో రిటర్న్ అని ఊరించే యాప్‌కు అసలే తెలియదు. స్థానికంగా ఆడిటర్‌ను వెతుక్కోవడానికి బలమైన కారణం ఇదే. దగ్గరగా ఉంటాడన్నది రెండో కారణం మాత్రమే.

ఆడిటర్‌కు డెల్టా తెలుసో లేదో పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు పింఛనూ కోసిన పన్నూ చూపే ఫారం 16 తీసుకుని వెళ్లాడనుకుందాం. కంప్యూటర్ తెరవకముందే ‘మీకు పొలం ఉందా, కౌలుకు ఇచ్చారా’ అని అడిగినవారు పని తెలిసినవారు. ఎందుకంటే పింఛనుదారులు, జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారంలో వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలకు మించి చూపడానికి వీల్లేదు. రెండెకరాల కౌలు బస్తాల్లో వచ్చినా, నోట్లలో వచ్చినా 5,000 దాటకుండా ఉండదు. దాటితే వేయాల్సింది ఐటీఆర్-2. దుకాణదారుడు లెక్కల పుస్తకాలు లేకుండా వేసే ఐటీఆర్-4కూ ఇదే పరిమితి. పొలం ఉంటే ఆయన ఐటీఆర్-3కి మారాలి. కౌలు మీద పన్ను లేదు కదా, రాయకపోతే ఏమైంది అంటారు. పన్ను లేకపోయినా అది లెక్కలోకి వస్తుంది. ఇతర ఆదాయం మినహాయింపు పరిమితి దాటి, వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే, ఆ రెంటినీ కలిపి చూసి పన్ను రేటు ఏ మెట్టు మీద ఉందో తేలుస్తారు. అంటే పొలం మీద పన్ను పడదు గానీ, మిగతా ఆదాయం పైమెట్టు రేటుకు ఎక్కవచ్చు. ఈ ప్రశ్న అడగకుండా ఏటా ఐటీఆర్-1 నొక్కేసే కంప్యూటర్ సెంటర్లు డెల్టా పట్టణాల్లో తక్కువేమీ కాదు.

చెరువులు వచ్చేసరికి విషయం ఇంకా ముదురుతుంది. పుస్తకాలు రాయకుండా అమ్మకాల్లో ఒక శాతాన్ని లాభంగా ఒప్పుకునే అంచనా పద్ధతి చిన్న వ్యాపారులకు ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలకు 6 శాతం, నగదుకు 8 శాతం. అమ్మకాల పరిమితి 2 కోట్లు, నగదు రాబడి మొత్తంలో 5 శాతం మించకపోతే 3 కోట్లు. ఒక చెరువు యజమాని ఏడాదికి 1.20 కోట్ల రొయ్య అమ్మి, డబ్బంతా ఖాతాలోనే పడితే ఒప్పుకోవాల్సిన కనీస లాభం 7.20 లక్షలు. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకూ రిబేటు (పన్ను మాఫీ) ఉన్నందున, వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. ఇంత సులువుగా ఉంది కాబట్టే చాలామంది ఆడిటర్లు ఆక్వా రైతులందరినీ కళ్లు మూసుకుని ఇందులోకే తోసేస్తారు.

చిక్కు రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడు బయటపడుతుంది. సీడు, మేత, ఏరేటర్ల కరెంటు, డీజిలు, కూలీలు, లీజు కలిపి 60 లక్షలు పోసి, రొయ్య అమ్మకపు సైజుకు (కౌంటుకు) రాకముందే పట్టుబడి చేసి 40 లక్షలకు అమ్ముకున్నాడనుకుందాం. నష్టం 20 లక్షలు. అంచనా పద్ధతిలో వేస్తే కాగితం మీద 2.40 లక్షల లాభం, పన్ను సున్నా. ఎవరికీ నొప్పి లేదు, ఆడిటర్ పని అరగంటలో అయిపోయింది. కానీ ఆ 20 లక్షల నష్టం కాగితం మీద నుంచి శాశ్వతంగా చెరిగిపోయింది. పుస్తకాలు రాసి, గడువులోగా నష్టపు రిటర్న్ వేసి ఉంటే దాన్ని తర్వాతి 8 ఏళ్ల వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. మరుసటి ఏడు ఇంకో రెండు చెరువులు లీజుకు తీసుకుని అమ్మకాలు 3 కోట్లు దాటాయంటే అంచనా పద్ధతి ఎలాగూ దొరకదు. ఆ రోజున ఈ నష్టం విలువ తెలుస్తుంది. గడువు దాటాక వేస్తే నష్టం ముందుకు పోదు. ‘ఈ ఏడు నష్టమే కదా, రిటర్న్ ఎందుకు’ అనేవారు చెరువు గట్ల మీద చాలామంది. వారికి అడ్డు చెప్పేవాడే ఆడిటర్.

అంచనా పద్ధతిలో ఇంకో ముడి ఉంది. ఒకసారి అందులోకి వెళ్లి, తర్వాతి అయిదేళ్లలో ఎప్పుడైనా అంతకన్నా తక్కువ లాభం చూపి బయటికి వస్తే, ఆపైన అయిదేళ్లు మళ్లీ ఆ తలుపు తెరుచుకోదు. మొత్తం ఆదాయం మినహాయింపు పరిమితిని దాటిన ఏడాదుల్లో పుస్తకాలూ ఆడిటూ తప్పవు. రొయ్య ధర ఊగిసలాడే చోట, రెండు పంటల్లో ఒకటి పోవడం అరుదు కాని చోట, ఇది ఏ ఏటికి ఆ ఏడు తేల్చుకునే సంగతి కాదు. అయిదారేళ్లు ముందు చూసి నిర్ణయించాలి. కమీషన్ ఏజెంట్లకు అసలు ఈ పద్ధతే లేదు. చెరువుల దగ్గర రొయ్య తూయించి కంపెనీకి పంపి కిలోకు ఇంత అని తీసుకునే ఏజెంటు, ధాన్యం కమీషన్ వ్యాపారి, బీమా ఏజెంటు, ఎవరైనా సరే కమీషన్ ఆదాయాన్ని 6 శాతం లెక్కలో చూపడం తప్పు. అయినా అలా వేసిన రిటర్నులు ఎన్నో.

నగదు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అంచనా పద్ధతిలో వెళ్లని వ్యాపారికి తప్పనిసరి ఆడిట్ పరిమితి 1 కోటి. నగదు రాబడీ నగదు చెల్లింపులూ రెండూ 5 శాతం లోపే ఉంటే అది 10 కోట్లకు పెరుగుతుంది. చెరువు యజమాని అమ్మకాలన్నీ బ్యాంకులో వేసుకున్నా, కూలీలకూ పట్టుబడి ముఠాకూ డీజిలుకూ నగదే ఇస్తాడు. చెల్లింపుల వైపు 5 శాతం దాటిందంటే 10 కోట్ల మాట మరిచిపోవాల్సిందే. కొనేవారి వైపు మాత్రం ఒక మినహాయింపు ఉంది. వ్యాపారంలో ఒకరికి ఒకరోజు 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. పెంచిన రైతు దగ్గరే నేరుగా కొన్న చేప, రొయ్య, ధాన్యం, కోళ్లకు ఈ నిబంధన అడ్డం రాదు. మధ్య వ్యాపారి దగ్గర కొంటే వస్తుంది. అలాగని రైతు ఒకే అమ్మకానికి 2 లక్షలో, అంతకు మించో నగదు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఎంత తీసుకున్నాడో అంత జరిమానా. ఇలాంటివి మార్చి తర్వాత తెలిసి లాభం లేదు, పంట పట్టేరోజుకు తెలియాలి. అందుకే జూలైలో మాత్రమే ఫోను ఎత్తే ఆడిటర్ ఆక్వా రైతుకు పనికిరాడు.

పైగా దాచుకునే వీలు కూడా తగ్గిపోయింది. పెద్ద ప్రాసెసింగ్ కంపెనీ ఒకరి దగ్గర ఏడాదిలో 50 లక్షలకు మించి కొంటే, మించిన మొత్తం మీద 0.1 శాతాన్ని టీడీఎస్‌గా, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను కింద, కోసి పాన్ మీద జమ చేస్తుంది. ఆ వెయ్యో రెండు వేలో చిన్న మొత్తమే. కానీ దాని వెనక ఉన్న అమ్మకం మొత్తం, పాన్ మీద జమైన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో, వార్షిక సమాచార పత్రమైన ఏఐఎస్‌లో కనిపిస్తుంది. డిపాజిట్ల వడ్డీ, పెద్ద నగదు జమలు, స్థలాల రిజిస్ట్రేషన్లు, మ్యూచువల్ ఫండ్ల లావాదేవీలు కూడా అక్కడికే చేరతాయి. రిటర్న్ వేయడానికి ముందు ఈ రెండు పత్రాలూ తీసి ఖాతాదారుడి ఎదుట వరసగా చదివించని ఆడిటర్‌కు ఫీజు ఇవ్వడం దేనికో ఆలోచించుకోవాలి.

ఇక డెల్టాలో తరతరాలుగా నడుస్తున్న చిట్కా ఒకటుంది: లెక్క తేలని డబ్బంతా పొలం మీద వచ్చిందని రాసేయడం. చెరువు లాభమైనా, వడ్డీ వ్యాపారమైనా, స్థలం అమ్మకంలో తెల్లకాగితం మీద రాని భాగమైనా ‘అగ్రికల్చర్’ గడిలోకి వెళ్లిపోతుంది. దీన్ని సలహాగా ఇచ్చే ఆడిటర్లు ఉన్నారు, అడిగి మరీ రాయించుకునే ఖాతాదారులు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఇది ఎంత పల్చని ముసుగో లెక్క వేసి చూడవచ్చు. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. అయిదెకరాల్లో రెండు పంటలూ ఎకరాకు 40 బస్తాల చొప్పున పండాయనుకున్నా వచ్చేది 400 బస్తాలు, దాదాపు 7.11 లక్షలు. అందులో దున్నకం, నాట్లు, ఎరువులు, కోత మిషను ఖర్చులు పోవాలి. అయిదెకరాలకు 20 లక్షల నికర వ్యవసాయ ఆదాయం రాసి ఉంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రవేత్త అక్కర్లేదు. నికర వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే జిల్లా, పిన్‌కోడు, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్న వివరాలు రిటర్న్‌లోనే అడుగుతారు. ఆ ఎకరాలు పట్టాదారు పాస్‌బుక్కుతో, అడంగల్‌తో, ఈ-క్రాప్ నమోదుతో సరిపోవాలి. చెరువుగా తవ్వేసిన భూమిని వరి పొలమని రాస్తే ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒక్కటి చాలు.

మంచి ఆడిటర్ ఇక్కడ కాస్త మొండిగా ఉంటాడు. ధాన్యం కొనుగోలు కేంద్రం రసీదో, మిల్లు తూకం చీటీయో, కొబ్బరి దింపు తీసుకున్న వ్యాపారి ఇచ్చిన కాగితమో, కౌలుదారుతో రాసుకున్న ఒప్పందమో అడుగుతాడు. ఇవన్నీ ఎందుకు, మీరు రాసెయ్యండి అని విసుక్కుంటారు. విసుక్కున్నా అడిగినవాడి దగ్గరే ఉండటం మేలు. తక్కువ చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్ను మీద 50 శాతం, తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 200 శాతం జరిమానా పడేది ఖాతాదారుడి మీదే.

అప్పు కోసం వేసే రిటర్నులు దీనికి తిరగబడిన రూపం. బ్యాంకు మూడేళ్ల రిటర్నులు అడిగిందనో, అమ్మాయి వీసాకు తల్లిదండ్రుల ఆదాయం చూపాలనో, లేని వ్యాపారాన్ని సృష్టించి పన్ను పడని గీత దగ్గర ఆపి వేస్తారు. ఆ ఏటికి పని జరుగుతుంది. అయితే లేని వ్యాపారం మరుసటి ఏడు ఎటు పోయిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. అప్పు కోసం బ్యాంకుకు తప్పుడు ఆదాయం చూపడం పన్నుకు సంబంధం లేకుండానే వేరే నేరం.

వీసాల మాట వచ్చింది కాబట్టి సర్టిఫికెట్ల గురించి. తల్లిదండ్రుల ఆస్తుల విలువ ఇంత అని ఛార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసి ఇచ్చే పత్రాలకు డెల్టాలో గిరాకీ ఎక్కువ. సీఏలు ఇచ్చే సర్టిఫికెట్ల మీద 2019 ఫిబ్రవరి నుంచి, అదే ఏడాది జూలై నుంచి ఆడిట్ నివేదికలన్నింటి మీదా 18 అక్షరాంకెల యూడీఐఎన్ సంఖ్య తప్పనిసరి. ఆ సంఖ్యను ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. సంఖ్య లేకపోయినా, వేరే పత్రానిదై ఉన్నా ఆ కాగితానికి విలువ లేదు. రబ్బరు స్టాంపు ఎంత గుండ్రంగా ఉన్నా సరే.

బోర్డు మీద ఏమున్నా ఊరు అందరినీ ఆడిటర్ గారనే అంటుంది కాబట్టి ఎవరు ఏం చేయగలరో తెలిసి ఉండాలి. 1949 చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐలో సభ్యుడై, ప్రాక్టీసు ధ్రువపత్రం ఉన్న సీఏ మాత్రమే పన్ను ఆడిట్ మీద సంతకం చేయగలడు. సభ్యత్వ సంఖ్య అడిగితే నొచ్చుకోవాల్సిన పని ఆయనకు లేదు. అమ్మకపు పన్ను రోజుల నుంచీ పనిచేస్తున్న కన్సల్టెంట్లలో చాలామంది జీఎస్టీ ప్రాక్టీషనర్లుగా నమోదయ్యారు. వారికి పీసీటీ-02 అనే నమోదు పత్రం ఉంటుంది. పన్ను కేసులు చూసే న్యాయవాదులూ అధికారుల ముందు హాజరు కాగలరు. రైసు మిల్లులో, మేత దుకాణంలో ట్యాలీలో పద్దులు రాసే గుమాస్తా లెక్క సరిగ్గా రాస్తే సగం పని అయినట్టే, కానీ చట్టం చెప్పడం ఆయన పని కాదు. మామూలు రిటర్న్ వేయడానికి సీఏ ఉండి తీరాలన్న నియమం లేదు. జీతమో పింఛనో తప్ప వేరే ఆదాయం, పొలం లేనివారు పోర్టల్‌లో ముందే నింపి ఉన్న వివరాలు సరిచూసుకుని తమంతట తామే వేసుకోవచ్చు. వారికి ఆడిటర్ ఖర్చు దండగ.

సీఏ బోర్డులు చిన్నవిగా ఉండటానికి కారణం ఉంది. ఖాతాదారులను ప్రకటనలతో ఆకర్షించడాన్ని వారి వృత్తి నియమావళి చాలాకాలంగా కట్టడి చేస్తూ వచ్చింది. అందుకే బస్టాండు ఎదుట పెద్ద ఫ్లెక్సీ కట్టి ‘రిఫండ్ గ్యారంటీ’ అన్నవారు సీఏ అయ్యే అవకాశం తక్కువ. వెతకాల్సిన పద్ధతి పాతదే, నోటి మాట. అయితే అడగాల్సింది ఎవరినన్నది ముఖ్యం. బావమరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి నచ్చిన ఆడిటర్ చెరువుల లెక్కకు నచ్చాలని లేదు. ఆక్వా అయితే మేత డీలరునూ హేచరీ యజమానినీ, కొబ్బరి అయితే అంబాజీపేట మార్కెట్‌లో వ్యాపారులనూ, మొక్కలైతే కడియంలో నర్సరీదారులనూ అడగాలి. ‘మీకు నోటీసు వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడు’ అన్నది మంచి ప్రశ్న. నోటీసు ఎప్పుడూ రాలేదన్న జవాబు కన్నా, వచ్చింది, కాగితాలన్నీ పెట్టి తేల్చాడన్న జవాబు ఎక్కువ చెబుతుంది. రాజమహేంద్రవరం, కాకినాడల్లో ఐసీఏఐ శాఖలున్నాయి కాబట్టి ఊళ్లో ఎవరూ తెలియనివారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

‘ఆఫీసులో మనకు తెలిసినవాళ్లున్నారు’ అని చెప్పుకునేవారి విలువ మాత్రం పడిపోయింది. 2020 ఆగస్టు నుంచి రిటర్నుల పరిశీలనల్లో అత్యధిక భాగం ముఖాముఖి లేకుండా సాగుతోంది. పాలకొల్లు రిటర్న్‌ను ఏ రాష్ట్రంలోని అధికారి చూస్తున్నాడో ఇక్కడివారికి తెలియదు. జవాబంతా పోర్టల్‌లో, రాతలో. పలుకుబడి కన్నా చక్కగా రాయగలిగిన ఆడిటర్ కావాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఎంపికలో కాదు, ఆ తర్వాత జరుగుతుంది. పోర్టల్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఆడిటర్ తన ఆఫీసు ఫోను నంబరూ ఈ-మెయిలూ పెట్టేస్తాడు. పాస్‌వర్డు ఆయన దగ్గర, డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవు ఆయన బీరువాలో. సౌకర్యం కోసమే చేస్తారు, చాలాసార్లు దురుద్దేశం ఉండదు. కానీ నోటీసులు ఇప్పుడు పోస్టులో వస్తాయని ఎదురుచూసే రోజులు కావు. ఆ ఈ-మెయిల్‌కు వస్తాయి. లోపమున్న రిటర్న్ సరిచేయడానికి ఇచ్చే గడువు 15 రోజులు. ఆఫీసులో గుమాస్తా మారినా, ఆడిటర్ ఆసుపత్రిలో ఉన్నా ఆ గడువు నిశ్శబ్దంగా దాటిపోతుంది, రిటర్న్ చెల్లకుండా పోతుంది. అందువల్ల మొదటి నంబరూ ఈ-మెయిలూ ఖాతాదారుడివే ఉండాలి. పిల్లలవైనా ఫరవాలేదు, ఆడిటర్‌ది రెండోదిగా పెట్టవచ్చు. ఆధార్ ఓటీపీ ఫోనులో చదివి చెప్పే ముందు రిటర్న్ కాగితం చూపమనాలి. వేసిన 30 రోజుల్లోగా ధ్రువీకరణ జరిగిందో లేదో కూడా చూసుకోవాలి. ఎవరో ఫోను చేసి నోటీసు వచ్చిందని బెదిరిస్తే, దాని మీదున్న డిన్ అనే గుర్తింపు సంఖ్యను పోర్టల్‌లో కొట్టి చూస్తే అసలో నకిలీయో తేలిపోతుంది.

రిఫండ్‌లో వాటా అడిగేవారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వచ్చే రిఫండ్‌లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని సీఏల నియమావళి సాధారణంగా ఒప్పుకోదు. కట్టని అద్దె, ఇవ్వని విరాళం, లేని చదువు అప్పు చూపి ఉద్యోగులకు రిఫండ్లు తెప్పించిన ముఠాల మీద 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని అప్పుడే ప్రకటించింది. పాత తప్పు దిద్దుకోవడానికి దారి ఉంది. అప్‌డేటెడ్ రిటర్న్ గడువును 2025లో 48 నెలలకు పెంచారు. ఆలస్యాన్ని బట్టి పన్ను, వడ్డీల మీద అదనంగా 25 నుంచి 70 శాతం కట్టాలి. నష్టం చూపడానికి, రిఫండ్ పెంచుకోవడానికి ఆ దారి పనికిరాదు.

భూమి అమ్మకాల దగ్గర స్థానిక ఆడిటర్ విలువ మళ్లీ తెలుస్తుంది. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. ఏది గ్రామీణం అన్నది మున్సిపాలిటీ జనాభాను బట్టి ఉంటుంది: 10,000 నుంచి లక్ష వరకూ ఉంటే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలైతే 6 కిలోమీటర్లు. 2011 లెక్కల్లో భీమవరం లక్ష దాటింది. పాలకొల్లు, నరసాపురం, అమలాపురం దాటలేదు. అంటే పాలకొల్లు పక్కన 3 కిలోమీటర్ల దూరంలోని పొలానికి లేని పన్ను, భీమవరం పక్కన అంతే దూరంలోని పొలానికి ఉంటుంది. ఈ దూరం రోడ్డు మీద కాదు, సూటిగా ఆకాశ మార్గంలో కొలవాలి. కాలువలూ నదీపాయలూ చుట్టి వెళ్లే డెల్టాలో ఆ తేడా చిన్నది కాదు. వంతెన మీదుగా 9 కిలోమీటర్లున్న ఊరు సూటిగా 5 కూడా ఉండకపోవచ్చు. ఇంతకీ ఆ భూమి అమ్మేనాటికి పొలమా, చెరువా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కాబట్టి బయానా పుచ్చుకోకముందే, అది కూడా 20,000 లోపు తప్ప నగదుగా పుచ్చుకోకుండా, ఆడిటర్‌ను కలవాలి. అమ్మేది అమెరికాలో ఉన్న కొడుకైతే ఇంకా ముందు. ప్రవాసుల దగ్గర పట్టణంలో ఇల్లో స్థలమో కొనేవారు మామూలు 1 శాతం కోసి ఊరుకుంటే సరిపోదు. చాలా ఎక్కువ రేటుకు టీడీఎస్ కోయాలి. అసలు లాభం తక్కువని చూపి ముందే తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకోవడం అమ్మేవారి పని, దానికి వారాలు పడుతుంది. విమానం దిగి పదిరోజుల్లో రిజిస్ట్రేషన్ ముగించి వెళ్లిపోదామనుకునేవారికి ఈ మాట చేదుగానే ఉంటుంది.

ఆడిటర్ల వైపు నుంచి చూస్తే ఖాతాదారులు కూడా తక్కువవారు కాదు. ఏడాది చీటీలన్నీ గోనెసంచిలో వేసుకుని గడువు ముందురోజు సాయంత్రం వచ్చేవారు, ఫీజు పాతిక తగ్గించమని గంట బేరమాడి లీజు ఎకరాకు పదివేలు పెంచేసేవారు ఉంటారు. ఫీజు ఎంత అని కాదు, ఆ ఫీజులో ఏమేం వస్తాయని మాట్లాడుకోవాలి. రిటర్న్ ఒక్కటేనా, నోటీసు వస్తే జవాబు కూడానా, ముందస్తు పన్ను లెక్క ఎవరు వేస్తారు, కూలీల మేస్త్రీకి ఇచ్చిన డబ్బు మీద టీడీఎస్ కోయాలా లేదా ఎవరు చెబుతారు అన్నవి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉన్నా చాలు. రైతు ఇచ్చిన కాగితానికి ఆడిటర్ రసీదు ఇవ్వాలి, ఆడిటర్ వేసిన రిటర్న్, లెక్కల ప్రతి రైతు దగ్గర ఉండాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి, గత సంవత్సరం, మదింపు సంవత్సరం అన్న జంట పోయి ఒకే పన్ను సంవత్సరం వచ్చింది. 2025-26 ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి కొంతకాలం రెండూ తెలిసి ఉండాలి. పాతికేళ్లుగా ఒకే ఆడిటర్ దగ్గర ఉన్నవారు ఈ మార్పును ఆయన ఎలా అందుకున్నాడో గమనించవచ్చు.

మార్చాలనుకుంటే గొడవ పడనక్కర్లేదు. ఆడిట్ చేయించుకునేవారి విషయంలో కొత్త సీఏ పాత సీఏకు రాతపూర్వకంగా తెలియజేశాకే పని ఒప్పుకోవాలన్న నియమం ఉంది. పాత ఫీజు బాకీ ఉంటే అది అక్కడ బయటికి వస్తుంది, కాబట్టి ముందే తీర్చేయాలి. వేసిన రిటర్నులు, ఆడిట్ నివేదికలు, టీడీఎస్ పత్రాలు, ట్యాలీ డేటా, డిజిటల్ సంతకం పెన్‌డ్రైవు తెచ్చుకోవాలి, పాస్‌వర్డు అదే రోజు మార్చాలి. కాగితాలు ఇవ్వనన్నా, వృత్తిలో మోసం జరిగిందన్నా సీఏల మీద ఐసీఏఐ క్రమశిక్షణ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. జిరాక్స్ షాపు పక్కన కంప్యూటర్ పెట్టుకుని రిటర్నులు వేసిన వ్యక్తి మీద అలా ఫిర్యాదు చేయడానికి వృత్తి సంస్థ ఏదీ లేదు.